తాళం వేయని తీర్మానం

"మీ ఆయన కూడా పెట్టాడుగా సంతకం. నీకు చెప్పలేదా డోరీన్?"

కొట్టులో కౌంటర్ వెనక నుంచి ఐలీన్ అడిగిన ఈ ప్రశ్నతోనే నాకు ఆ ఏటి వసంతం మొదలైంది. బయట చూస్తే వసంతం జాడే లేదు, ఇంకా మోకాలి లోతు మంచు. నేను పాల డబ్బా చంకన పెట్టుకుని తలుపు మీద అంటించిన ఊరి సభ నోటీసు చదువుతున్నాను. మంచులో బళ్ళు జారకుండా రోడ్ల మీద చల్లే ఇసుకకు ఎంత, ఫైరింజన్‌కు కొత్త టైర్లు కొనాలా వద్దా, శ్మశానం గోడ ఎవరు కట్టాలి అన్న మామూలు అంశాల కింద ఈసారి కొత్తది ఒకటి చేరింది. బడి ఖర్చు మీద చట్టప్రకారం హద్దు పెట్టాలని కొందరు ఓటర్లు సంతకాలు పెట్టి కోరారట. ఊళ్ళో అప్పటికే దానికి 'మూత' అని పేరు పడిపోయింది.

మూత సంగతి చెప్పడం తేలిక. సభలో ఐదింట మూడు వంతుల మంది సరేనంటే చాలు, ఒక్కో పిల్లవాడికి ఇంత అని ఖర్చు తేల్చేస్తారు. బడిలో ఎంతమంది పిల్లలుంటే అన్ని రెట్లు, అదే బడ్జెట్టు. బడి బోర్డు చేతిలో డబ్బున్నా సరే, ఆ పైన ఖర్చు పెట్టడం చట్టవిరుద్ధం. వందల మంది పిల్లలున్న చోట ఇది ఎలా నడుస్తుందో నాకు తెలియదు. మా ఈస్ట్ హాలో ఊరి బడికి ఉన్నవి రెండు గదులు. పెద్ద పిల్లల గదిలో నాడీన్ చెబుతుంది, చిన్న పిల్లల గదిలో నేను. పిల్లలు సగమైనంత మాత్రాన గది సగం వెచ్చబడితే చాలదు కదా, సగం టీచరుతో నడవదు కదా. మూత పడితే రెండు గదుల్లో ఒకటి మూతపడుతుంది. అది ఏదో నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. చిన్నవాళ్ళను బస్సెక్కించి నది దిగువ టౌనుకు పంపడం సులువు.

"చెప్పాడు, ఎందుకు చెప్పడు," అన్నాను ఐలీన్‌తో.

"అదే అనుకున్నా. మొగుడూ పెళ్ళాలు ఈ మాత్రం మాట్లాడుకోకుండా ఉంటారా," అంది ఆమె, నా ముఖంలోకి చూడకుండా చిల్లర చేతిలో పెడుతూ. ఐలీన్‌కు తెలియనిదేమీ ఉండదు, నేను అబద్ధమాడానని కూడా తెలుసు.

నా భర్త వెండెల్ అబద్ధాలాడే మనిషి కాదు. అడగనిది చెప్పే మనిషి కూడా కాదు. ఆ రెండో గుణంతో నేను ఎన్నో ఏళ్ళు కాపురం చేశాను, మొదటి గుణం చూసి సర్దుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రం అతను పాకం కొట్టం నుంచి వచ్చేసరికి చీకటి పడింది. మేపుల్ చెట్ల తీపి నీరు దించి, కాచి, పాకం తీసి అమ్మే కాలం దగ్గరపడుతోంది కనక బకెట్లు కడగడం, పెద్ద పెనం తోమడం, కట్టెలు పేర్చడం, ఆ పనుల్లో ఉన్నాడు. చేతులు కడుక్కుని కూర్చున్నాక సూపు గిన్నె ముందు పెట్టాను.

"ఐలీన్ చెప్పింది," అన్నాను.

"ఏమని?"

"మూతకి నువ్వూ సంతకం పెట్టావని."

రొట్టె తుంచి సూపులో ముంచాడు. "పెట్టాను."

"నాతో ఒక్క మాటైనా అనకుండా?"

"అంటే వద్దంటావు."

"వద్దనక మరేం చేస్తాను? అది నా గది వెండెల్!"

"నీ గది మీద నాకేం కోపం లేదు డోరీన్. పన్ను మీద కోపం. మా లైల్ సంగతి చూశావుగా."

చూశాను. లైల్ అతని తమ్ముడు. మామగారు పోయినప్పుడు అన్నదమ్ములు మేపుల్ అడవిని గట్టు దగ్గర చెరిసగం పంచుకున్నారు. భూమి పన్ను ఏటేటా పెరిగి పెరిగి, మొన్న శరదృతువులో లైల్ చేతులెత్తేశాడు. బాస్టన్ నుంచి వచ్చిన ఎవరో కొన్నారు. కొన్నాక వాళ్ళు చేసిన మొదటి పని, అడవిలోకి వెళ్ళే బాటకు అడ్డంగా ఇనుప గొలుసు కట్టడం. వెండెల్ ఒకరోజు ఆ గొలుసు దాకా నడిచివెళ్ళి, చిన్నప్పుడు తను ఎక్కిన చెట్లను ఇవతల నుంచే చూసి తిరిగొచ్చాడు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. మేము కట్టే పన్నులో సగానికి పైగా బడికే పోతుంది, ఆ మాట కూడా నిజమే.

"ఖర్చేమో పెరుగుతోంది, పిల్లలేమో తగ్గుతున్నారు," అన్నాడు.

"తగ్గడం పిల్లలు చేసిన తప్పా?"

"కాదు. చెట్లు చేసిన తప్పూ కాదు."

ఆ తర్వాత ఇద్దరం సూపు చల్లారకముందే తాగేశాం. మాకు పిల్లలు కలగలేదు. నా గదిలోకి ఏటా కొత్తగా వచ్చే ఆరేళ్ళవాళ్ళే నాకు పిల్లలని నేను అతనితో ఏనాడూ అనలేదు. మా వైపు అలాంటి మాటలు పైకి అనుకోరు, తెలిసే ఉంటుందని అనుకుంటారు. తెలియదని ఆ రాత్రి మొదటిసారి నాకు అనుమానం వచ్చింది.

అప్పటి నుంచి సభ రోజు దాకా ఇల్లు ఇల్లులా లేదు. పోట్లాడుకున్నామంటే అదీ లేదు. పోట్లాట అయినా బాగుండేది, కనీసం గొంతులు వినపడేవి. పొద్దున్నే అతను చెట్లకు తూట్లు పెట్టి బకెట్లు తగిలించడానికి వెళ్ళేవాడు, నేను బడికి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చాక ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఉప్పు ఇలా ఇవ్వమంటే ఇచ్చేవాడు. కట్టెలు అయిపోయాయంటే తెచ్చేవాడు. రేడియో వాతావరణం చెబుతుంటే ఇద్దరం అదేదో మా కుటుంబ విషయమన్నట్టు శ్రద్ధగా వినేవాళ్ళం. ఇంత పెద్ద ఊళ్ళో, అదే, ఇంత చిన్న ఊళ్ళో నేను మనసు విప్పి మాట్లాడడానికి నాడీన్ తప్ప ఎవరూ లేరు.

"ఇంట్లో ప్రతిపక్షాన్ని పెట్టుకుని వంటెలా చేస్తున్నావే?" అనేది ఆమె.

"ఉప్పు తగ్గించి."

"నేనైతే మిరియాలు పెంచేదాన్ని."

నాడీన్ నవ్వించడానికే అలా అనేది. కాని ఆమె ఉండేది పక్క ఊళ్ళో, సాయంత్రం కాగానే కారెక్కి వెళ్ళిపోయేది. పిల్లలూ నాడీన్ వెళ్ళిపోయాక నేను వెంటనే ఇంటికి వెళ్ళబుద్ధి గాక గదిలోనే కూర్చుండిపోయేదాన్ని. చిన్న చిన్న కుర్చీలు బల్లల మీదికి ఎత్తి పెట్టేదాన్ని. మళ్ళీ పొద్దున దించేదాన్ని. ఊళ్ళో కొందరు తల్లులు నా బల్ల మీద తినడానికి ఏదో ఒకటి చేసి పెట్టి వెళ్ళేవాళ్ళు. ఇంకొందరు ఐలీన్ కొట్లో నన్ను చూడగానే ఎప్పుడూ కొనని సరుకు ఏదో తీసి దాని మీద రాసింది చదవడం మొదలుపెట్టేవాళ్ళు. వాళ్ళు ఎటు చెయ్యెత్తబోతున్నారో నాకు అక్కడే తెలిసిపోయేది.

ఒకరోజు పాలు తాగే వేళ జూనీ అనే పిల్ల నా కుర్చీ దగ్గరకొచ్చింది. వాళ్ళ నాన్న మాట్లాడుతుంటే విని ఉంటుంది.

"టీచర్, వచ్చే ఏడు మీరు కూడా మాతో బస్సులో వస్తారా?"

"చూద్దాం. నీ పక్క సీటు నాకు పెడతావా మరి?"

"కిటికీ వైపు నేనే కూర్చుంటా," అంది. ఆ విషయంలో బేరం లేదని ముఖం పెట్టి చెప్పింది. నేను నవ్వాను గాని, ఆ పిల్ల వెళ్ళాక చాలాసేపు నల్లబల్ల వైపు తిరిగి తుడిచిందే తుడుస్తూ ఉండిపోయాను.

ఈ సంతకాలన్నీ పోగుచేసింది డేల్ పెర్హమ్. శీతాకాలంలో ఊరి రోడ్ల మీద మంచు తోసే కాంట్రాక్టు అతనిది. సభకు ముందు ఆదివారం పాకం కొట్టానికి కాఫీ తీసుకుని వెళితే అక్కడ అతనూ వెండెల్ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. డేల్ నా కాఫీయే తాగి, ఈ ఏడు నీరు బాగా పారేట్టుందని చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఉండగా మాట్లాడుకోలేని విషయాలు నా పెనం పక్కనే మాట్లాడుకుంటున్నారన్నది నాకు బాగా గుచ్చుకుంది. అంతకు మించి నేనేమీ ఊహించలేదు.

సభ మంగళవారం. ఊరి సభ ఎప్పుడూ బడి హాల్లోనే జరుగుతుంది కనక ఆ రోజు పిల్లలకు సెలవు. గోడల మీద మా పిల్లలు వేసిన గుడ్లగూబలు, వాటి కింద మడత కుర్చీల్లో వాళ్ళ తాతలు. గుమ్మం దగ్గర పేరు చెప్పిన ఓటరుకు తలా ఒక పచ్చ అట్టముక్క ఇస్తారు. అది ఎత్తితేనే లెక్క. నాడీన్ మా ఊరి ఓటరు కాదు కనక వెనక గోడవారన బెంచీ మీద కూర్చోవాలి, నోరు విప్పకూడదు. వంటగదిలో బీన్స్ కుండలు ఉడుకుతున్నాయి. వెండెల్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంకెక్కడ కూర్చున్నా ఊరంతా చెప్పుకునేది కనక వచ్చాడనుకున్నాను.

సభ నడిపేది ఎల్స్‌వర్త్. మేమంతా పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ ఆయనే. మూత అంశం చదివి, మాట్లాడేవాళ్ళు మాట్లాడండి అన్నాడు. డేల్ లేచి అంకెలు చెప్పాడు. జూనీ వాళ్ళ అమ్మ లేచి, ఆరేళ్ళ పిల్లను తెల్లవారకముందే బస్సెక్కించాలా అని అడిగింది. ఎవరో ముసలాయన, తను మంచులో నడిచి బడికి పోయేవాణ్ణని మొదలుపెడితే, "పోయి ఏం నేర్చుకున్నావు ఫ్లాయిడ్?" అని వెనక నుంచి ఒకామె అంది, హాలంతా నవ్వింది. వెండెల్ లేవలేదు. నేనూ లేవలేదు. నా జీతం గురించి నేనే మాట్లాడినట్టు ఉంటుందని.

"మూత కావాలనేవాళ్ళు," అన్నాడు ఎల్స్‌వర్త్.

నేను తల వంచుకుని ఒళ్ళో ఉన్న అట్ట వంకే చూస్తున్నాను. చుట్టూ చొక్కాల చేతులు లేచిన చప్పుడు. పక్కన మాత్రం ఏ కదలికా లేదు. ఓరగా చూశాను. వెండెల్ అట్ట అతని మోకాలి మీదే ఉంది.

"వద్దనేవాళ్ళు."

నా చెయ్యి లేచింది. దాని పక్కన అతని చెయ్యి కూడా లేచింది. గళ్ళ ఉన్ని చొక్కా నా భుజానికి ఆనుకుంది. ముందు వరసల్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, హాల్లో గుసగుస బయల్దేరింది. సంతకం పెట్టిన మనిషి పెళ్ళాం పక్కన చెయ్యెత్తి కూర్చున్నాడు మరి. నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషి చెప్పలేడు గాని చేసి చూపిస్తాడు, ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాలేదే అనుకున్నాను. లెక్కపెట్టేవాళ్ళు లెక్కపెట్టి కాగితం ఎల్స్‌వర్త్ చేతికిచ్చారు. ఆయన కళ్ళజోడు పైనుంచి మా వైపు, ముఖ్యంగా వెండెల్ వైపు, అవసరమైన దానికన్నా ఒక్క క్షణం ఎక్కువ చూశాడు.

"మూతకు కావలసినన్ని చేతులు రాలేదు. అంశం ఓడిపోయింది," అన్నాడు.

ఇక్కడ మా సభ పద్ధతి ఒకటి చెప్పాలి. తేలిపోయిన విషయాన్ని కూడా అదే రోజు సభ ముగిసేలోపు మళ్ళీ తెరవమని అడగవచ్చు. అందుకే గెలిచిన పక్షంలో ఎవరో ఒకరు వెంటనే లేచి "తాళం వేయండి" అంటారు. దానికీ చేతులెత్తి సరేనన్నాక, ఆ అంశానికి ఆ రోజుకు తాళం పడ్డట్టు. ఇక మనుషులు నిశ్చింతగా ఇళ్ళకు పోవచ్చు.

వెనక బెంచీ నుంచి నోరు విప్పకూడని నాడీన్ గట్టిగా దగ్గింది. తిరిగి చూస్తే గాలిలో తాళం చెవి తిప్పుతున్నట్టు వేళ్ళు తిప్పుతోంది. నేను సగం లేచాను. వెండెల్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. ఊరందరి ముందు తన మాట వదులుకుని నా కోసం చెయ్యెత్తిన మనిషి పక్కన నిలబడి, వీళ్ళను నమ్మలేను, తాళం వేయండి అని నోరారా ఎలా అనను? అది అతన్ని చిన్నబుచ్చడం అనిపించింది. కూర్చున్నాను. మిగతావాళ్ళ ముక్కులు అప్పటికే వంటగది వైపు తిరిగాయి. ఇంకెవరూ అడగలేదు.

భోజనాల దగ్గర ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు.

"మా ఆయనైతే నా కోసం కుర్చీ కూడా ఎత్తడు, చెయ్యి సంగతి దేవుడెరుగు," అంది ఒకామె.

"ఏం పెట్టి తిప్పుకున్నావే?" అంది ఇంకొకామె.

నాకు సిగ్గేసింది. ఆ వయసులో, పెళ్ళినాటి సిగ్గు. బీన్స్, నల్ల రొట్టె తిని బయటికి వచ్చేసరికి ఎండ ఫెళ్ళున కాస్తోంది. రాత్రంతా గడ్డకట్టే చలి వేసి పగలు అలాంటి ఎండ కాస్తే చెట్ల నీరు ఆగదు. కొండ వైపు పొలాలున్నవాళ్ళూ, పిల్లలున్నవాళ్ళూ చాలామంది అప్పుడే ట్రక్కులెక్కుతున్నారు. వెండెల్ నా దగ్గరకొచ్చాడు.

"బకెట్లు పొంగిపోతుంటాయి డోరీన్. నువ్వు పోయి పొయ్యి రాజెయ్యి. నేను రోడ్ల అంశం తేలగానే వస్తా."

"ఇద్దరం పోదాం రా. ఇసుక ఎంత చల్లితే ఏముంది?"

"ఒకళ్ళయినా ఉండాలిగా," అన్నాడు. నా కోటు కాలరు ఒక పక్క లోపలికి మడతపడితే బయటికి తీశాడు. నేను చిన్నపిల్లలా కారు వైపు గబగబా నడిచాను.

ఆ మధ్యాహ్నం నేను ఒంటరిగా ఉన్నానన్న ఊహే నాకు రాలేదు. దగ్గర చెట్ల బకెట్లు వంచుకొచ్చి పెనంలో పోశాను. మంట ఎగదోశాను. కొట్టం పైకప్పు సందుల్లోంచి ఆవిరి తెల్లగా పోతోంది. నురుగు పొంగినప్పుడల్లా వెన్న ముక్క ఒకటి పడేస్తే అణిగిపోయేది. వచ్చే ఏడు ఆరేళ్ళవాళ్ళు ఎవరెవరు వస్తారో పేర్లు అనుకుంటూ కట్టెలు పేర్చాను. నీరు చిక్కబడి రంగు తిరిగింది. ఎండ కొండ వెనక్కి జారుతుండగా బురదలో కారు ఆగిన చప్పుడైంది. నాడీన్.

"ఏమిటే, గిన్నెలు కడగడం అయిపోయిందా?" అన్నాను.

ఆమె తలుపు దగ్గరే ఆగింది. "మళ్ళీ తెరిచారు డోరీన్."

"దేన్ని?"

"మూతని. అన్నాలు తిని సగం జనం చెట్ల దగ్గరికి పోయారుగా. మిగిలినవాళ్ళతో మళ్ళీ చేతులెత్తించారు. ఈసారి నెగ్గింది."

గరిటె చేతిలో ఉంది. ఏం చేయాలో తెలియక నురుగు తీశాను. "డేలేగా తెరిపించింది?"

"డేల్ ఎలా అడుగుతాడే? పొద్దున ఓడినవాడు. పొద్దున గెలిచినవాళ్ళలో ఒకళ్ళే అడగాలి. ఎల్స్‌వర్త్ ఆ రూలు చదివి మరీ వినిపించాడు."

అంటే నాతోపాటు వద్దని చెయ్యెత్తినవాళ్ళలోనే ఎవరో. మంచు కబుర్లు చెప్పి కూడా చివరికి మా వైపే చెయ్యెత్తిన ఫ్లాయిడా అన్నాను. నాడీన్ కాదని తల ఊపింది. ఐలీనా? కాదు. పాస్టర్ గారా? కాదు. జూనీ వాళ్ళ తాతా? కాదు. నాకు గుర్తున్న ప్రతి పచ్చ అట్టా, దాని వెనక ఉన్న ప్రతి ముఖమూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వెళ్ళాను, ఆమె ఒక్కొక్కటే కాదంటూ వచ్చింది. చివరికి చెప్పడానికి నా దగ్గర పేర్లు అయిపోయాయి.

"మరెవరు?"

"నన్ను చెప్పమనకే," అంది నాడీన్. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

కాసేపు నాతో ఉంటానంది. వద్దు, చీకటి పడితే బురద రోడ్డు కష్టమని నేనే పంపేశాను.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను, చెప్పడానికి పెద్దగా ఏం లేదు కూడా. సెప్టెంబరు నుంచి ఈస్ట్ హాలో చిన్న పిల్లలు బస్సెక్కారు. నాకు నది దిగువన, వాళ్ళు వెళ్ళే బడిలో కాదు, ఇంకా అవతలి ఊళ్ళో పని దొరికింది. వారమంతా అక్కడే ఒక రొట్టెల దుకాణం మీది గదిలో ఉండేదాన్ని, శనివారాలు ఇంటికి వచ్చేదాన్ని. మంచు పడ్డాక రోడ్డు బాగోలేదని కొన్ని శనివారాలు మానేశాను. రోడ్డు బాగయ్యాక కూడా మానేశాను. విడాకులూ గట్రా ఏమీ లేవు. మా వైపు ఇలాంటివి కోర్టు దాకా పోకుండానే అయిపోతుంటాయి. ఉన్నమాట చెప్పాలంటే పన్ను తగ్గింది. మరీ ఎక్కువేం కాదు గాని తగ్గింది. అడవి వెండెల్ చేతిలోనే ఉంది, అతని బాటకు ఎవరూ గొలుసు కట్టలేదు. అతను అనుకున్నది అతనికి దక్కింది. దాని కోసం అతను దేన్ని ఖర్చు పెట్టాడన్నది ఒక్కటే నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

ఆ సాయంత్రం అతను నడుచుకుంటూ వచ్చాడు. డేల్ ట్రక్కు అతన్ని బాట మొదట్లోనే దింపి వెళ్ళిపోయింది. కొట్టంలోకి వచ్చి, టోపీ మేకుకు తగిలించి, పెనంలోకి తొంగిచూశాడు.

"దగ్గరపడింది," అన్నాడు.

"ఆఁ."

"నాడీన్ కారు చక్రాల గుర్తులు చూశాను. వచ్చి వెళ్ళిందా?"

"వచ్చింది. మూత నెగ్గిందని చెప్పింది. ఎవరు అడిగారో చెప్పలేదు."

"నేనే," అన్నాడు.

పొయ్యిలో కట్టె విరిగి పడింది. ఇద్దరం దాని వంకే చూశాం.

"లైల్‌లాగా నేను కూడా అమ్ముకోవాల్సొస్తుందేమోనని భయం డోరీన్. నువ్వు నమ్ము, నమ్మకపో. రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదు నాకు."

"నాకు చెబితే పోయేది కదా, ఆ భయమేదో."

"చెప్పడం రాదు నాకు. నీకు తెలుసుగా."

తెలుసు. అది నాకు కోపం తెప్పించలేదు కూడా. నేను తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది, దాని మీదే నా ప్రాణం నిలబడి ఉంది. ఉదయం అతను నా కోసమే చెయ్యెత్తి ఉండవచ్చు. భోజనాల తర్వాత డేల్ పక్కకు తీసుకెళ్ళి నూరిపోసి ఉండవచ్చు. మనిషన్నాక మనసు మారుతుంది. అలా జరిగి ఉంటే, గది పోతే పోయింది, నేను బతకగలను. ఆ ఉదయం ఉదయంలాగే మిగిలిపోతుంది. అతనికి దారి చూపిస్తున్నట్టే అడిగాను.

"పొద్దున నా పక్కన చెయ్యెత్తావు చూడు. మధ్యాహ్నం మనసు మారిందా?"

ఔననమని నేను లోపల్లోపల బతిమాలుకున్నాను. ఒక్కసారి, ఈ ఒక్కసారికి అబద్ధం చెప్పమని. కాని వెండెల్‌కు అబద్ధం చెప్పడం రాదని ముందే చెప్పాను.

"లేదు," అన్నాడు. "మళ్ళీ అడగాలంటే మీ పక్షాన ఎత్తి ఉండాలిగా. ఎత్తినప్పుడే తెలుసు."

"నన్ను ఇక్కడికి పంపినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

పాకం గరిటె అంచు నుంచి బొట్లుగా కాక పొరలా జారింది. అది తయారైనట్టు గుర్తు, ఇక క్షణం ఆలస్యమైనా మాడిపోతుంది. ఉన్ని సంచీలోంచి వడకట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు సంచీ మూతి పట్టుకోవాలి, ఇంకొకరు పొయ్యాలి. నేను పట్టుకున్నాను, అతను పోశాడు. వేడి ఆవిరిలో మా చేతులు ఎప్పటిలాగే ఒకదాని కింద ఒకటి అలవాటుగా కదిలాయి, ఒక్క చుక్క కూడా ఒలకలేదు. నా పెళ్ళయ్యాక నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను, అతను నాకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు.

డబ్బాలకు మూతలు బిగించాక అతను తలుపు తెరిచి ఆకాశం చూశాడు.

"రాత్రికి బాగా గడ్డకట్టేట్టుంది. రేపు ఇంకా బాగా పారుతుంది," అన్నాడు. నా వైపు తిరక్కుండా, "పొద్దున వస్తావా?" అని అడిగాడు.

"రేపు బడి ఉంది," అన్నాను.

బడి ఏడు ముగిసే జూన్ దాకా ఉంది.